నవ్వే బొమ్మ మీద వేలు

జనవరి 9

అమ్మ చెయ్యి ఆగింది.

ఇలా రాస్తే ఏదో చెడు కబురులా ఉంది. వణుకు ఆగింది అని రాయాలి. ఆపరేషన్ గాయం మానిందని పెద్ద డాక్టరు చెప్పాక, ఈరోజు పొద్దున ఆస్పత్రిలో మా విభాగంలోనే, నా కుర్చీ పక్కనే కూర్చోబెట్టి పెట్టెకు కరెంటు ఇచ్చాం. మెడ కింది ఎముకను ఆనుకుని చర్మం లోపల అగ్గిపెట్టెంత పెట్టె, అక్కణ్ణుంచి తలలోకి సన్నటి తీగ. ఈ ఉద్యోగంలో ఎంతమందికి ఇలా కరెంటు ఇచ్చానో నాకే గుర్తులేదు. ఎప్పుడూ వణకని నా చెయ్యి ఈరోజు వణికింది. అమ్మది ఆగేసరికి నాది మొదలైంది.

గ్లాసు నిండా నీళ్ళు పోసి ఇచ్చాం. చుక్క ఒలకకుండా తాగింది. తమ్ముడు భోరుమన్నాడు. అంత పెద్ద బస్సు నడిపే మనిషి, చొక్కా చేత్తో కళ్ళు తుడుచుకుంటూ. నాకూ ఆగలేదు. అమ్మ గ్లాసు బల్ల మీద పెట్టి ఇద్దర్నీ ఎగాదిగా చూసింది.

"ఆగింది నా చెయ్యే కదా, నేను కాదుగా. ఎందుకా ఏడుపులు? ముందీ గ్లాసు కడిగిందెవరో చెప్పండి. సబ్బు కంపు."

అదీ మా అమ్మ.

ఈ పెట్టె కొత్త రకం, తనంతట తాను నేర్చుకుంటుంది. రోజూ సాయంత్రం ఇంట్లోవాళ్ళ ఫోనుకు ఒక ప్రశ్న వస్తుంది: ఈరోజు ఎలా గడిచింది? కింద మూడు బొమ్మలు. నవ్వే బొమ్మ, ఊరికే చూసే బొమ్మ, ఏడ్చే బొమ్మ. మనం నొక్కినదాన్నిబట్టి పెట్టె మర్నాడు కరెంటును కాస్త అటో ఇటో జరుపుకుంటుంది. నవ్వే బొమ్మ వచ్చిన దారిలో ముందుకు పోతుంది, ఏడ్చే బొమ్మ వచ్చిన దారి మానుకుంటుంది. పసిపిల్లలు మన మొహాలు చూసి నేర్చుకోరూ, అలాగే. అందుకే ఇంటికి పంపేముందు ప్రతి కుటుంబాన్నీ నిలబెట్టి ఒక మాట చెప్తాను. "చెయ్యిని చూసి నొక్కండి, మనిషిని చూసి కాదు." మా విభాగంలో అది నా మాటగానే చెలామణి అవుతోంది.

మీ ఇంట్లో ఎవరు నొక్కుతారని డాక్టరు అడిగితే, "ఇంకెవరండీ, అక్కే. ఆ ఇంట్లో ఉండేది వాళ్ళిద్దరేగా" అన్నాడు తమ్ముడు. ఇక్కడ పనిచేసేవాళ్ళు సొంతవాళ్ళకు నొక్కకూడదని రూలుంది. డాక్టరు నావైపు చూశాడు. నేను ఆ రూలు ఎప్పుడూ విననిదానిలా మొహం పెట్టాను. "ఈవిడకన్నా తెలిసినవాళ్ళు ఎవరున్నారులే" అని ఆయన వెళ్ళిపోయాడు.

నవ్వే బొమ్మ నొక్కాను. వందసార్లు నొక్కాలనిపించింది.

జనవరి 12

నవ్వే బొమ్మ.

జనవరి 16

ఇంటికి వచ్చేసరికి కిటికీ తెరలన్నీ ఊడపీకి నేలమీద కుప్పగా పోసి ఉన్నాయి. అంచులు వంకరట. నేను కుట్టినవి కదా మరి.

"ఊరందరికీ బట్టలు కుట్టేదాని కడుపున పుట్టి, సూది ఎటునుంచి పట్టుకోవాలో తెలీదు. ఎవరైనా చూస్తే నిన్నంటారా, నన్నంటారా?"

అన్నం తిని లేచేదాకా అదే పాట. చెయ్యి బాగయ్యాక నోటికి కూడా బలం వచ్చినట్టుంది.

సాయంత్రం టీ తాగుతున్నప్పుడు కప్పు సాసరులో కొంచెం చప్పుడు చేసింది. చేసిందనే అనుకుంటున్నాను. ఊరికే చూసే బొమ్మ నొక్కాను.

జనవరి 27

అమ్మ చేత్తో కాజా కుట్టింది!

ఎన్నాళ్ళకు! బొత్తం దూరే చీలిక చుట్టూ దారంతో ముడి పక్కన ముడి, ఒకదాన్నొకటి ఒరుసుకుంటూ. వణుకు వచ్చాక అమ్మ మొదట వదులుకున్న పని అదే. మిగతావన్నీ మిషన్ మీద ఎలాగో నెట్టుకొచ్చేది. వీధిగదిలో ఆ పాత కుట్టుమిషన్ పక్కన కూర్చుని, లాయరమ్మ నల్లకోటు ఒళ్ళో పరుచుకుని కుడుతోంది. లాయరమ్మ మా వీధి చివర ఉంటుంది, నా చిన్నప్పటి నుంచీ ఆవిడ కోట్లన్నీ అమ్మే కుట్టింది. మిషన్ మీద కుట్టిన కాజా అంటే ఇద్దరికీ రోత.

మొదటి కాజా అయ్యాక వేలితో తడిమి చూసుకుంది. ఆ మొహంలో అంత తృప్తి నేనెప్పుడూ చూడలేదు. తలుపు దగ్గర నిలబడి కళ్ళార్పకుండా చూస్తున్నాను. పెట్టె పెట్టించింది నేను, కరెంటు ఇచ్చింది నేను, ఒక్క మాట అనకపోతుందా అని ఆశ. తలెత్తి చూసి అంది:

"వెలుతురుకు అడ్డంగా నిలబడ్డావు. జరుగు."

జరిగాను. అక్కడితో ఊరుకుంటే సరిపోయేది.

"చెయ్యి బాగైందిగా. ఒక మంచిమాట అంటే నీ సొమ్మేం పోతుందే అమ్మా?"

"మంచిమాటలకేం, నీ మొగుడు రోజుకు పది చెప్పేవాడుగా. ఏడీ?"

నోరా, వీపుకు తేకే అంటారు. మా ఇంట్లో నోరు ఆవిడది, వీపు నాది.

చెయ్యి రోజంతా రాయిలా నిలకడగా ఉంది. ఏడ్చే బొమ్మ నొక్కాను.

అలసట కూడా లెక్కలోకి వస్తుంది. అంతసేపు వంగి కూర్చుంటే అలసట, అలసటకు విసుగు. విసుగు కూడా ఈ జబ్బు లక్షణాల్లో ఉంది. మాకు చదువులో చెప్పారు. ఉంది.

జనవరి 28

ఏడ్చే బొమ్మ. నిన్నటి అలసటే.

జనవరి 31

ఏడ్చే బొమ్మ. చెయ్యి గురించే.

ఫిబ్రవరి 6

"కూర బాగుంది" అంది అమ్మ.

ఏమన్నావని మళ్ళీ అడగలేదు. అడిగితే వెనక్కి తీసేసుకుంటుందేమోనని భయం. ఉప్పెక్కువైందని నాకూ తెలుస్తూనే ఉంది.

నవ్వే బొమ్మ.

ఫిబ్రవరి 7

మళ్ళీ అంది. ఈసారి అసలు ఉప్పే వెయ్యలేదు.

నవ్వే బొమ్మ.

ఫిబ్రవరి 19

దిష్టి తగులుతుందేమోనని ఇన్నాళ్ళూ రాయలేదు.

అమ్మ మారింది. పొద్దున నేను బయల్దేరుతుంటే గుమ్మం దాకా వచ్చి "జాగ్రత్తగా వెళ్ళిరా తల్లీ" అంటోంది. తల్లీ! ఈ ఇంట్లో నేను ఏమే, ఒసేయ్, మొద్దూ తప్ప ఇంకో పేరు ఎరగను. సాయంత్రం వచ్చాక ఎదురుగా కూర్చుని నా కబుర్లు వింటోంది. నిన్న ఆస్పత్రిలో లిఫ్టు మధ్యలో ఆగిపోయి, నేనూ, పెద్ద డాక్టరూ, ఒక పేషెంటూ, ఆ పేషెంటు చేతిలో మూత లేని శాంపిల్ సీసా, ముగ్గురూ అందులో ఇరుక్కున్న సంగతి చెప్తే నవ్వింది. నేను చెప్పినదానికి అమ్మ నవ్వడం! నోట్లో నాలుక లేనివాళ్ళని ఎవరినో చెప్తుంటారు కానీ, మా అమ్మ ఆ జాబితాలో చేరుతుందని కలలోనైనా అనుకున్నానా.

మొన్న నీలం గౌను వేసుకుని "ఎలా ఉందే?" అని ధైర్యం చేసి అడిగాను. "నీకేం, ఏదైనా బాగుంటుంది" అంది. చంక దగ్గర ముడతలు పడుతోంది ఆ గౌను, అద్దంలో నాకే కనిపిస్తోంది. అయినా ఆరోజంతా అదే వేసుకు తిరిగాను.

ఈమధ్య మెట్లెక్కుతుంటే ఏదో కూనిరాగం దానంతటదే వస్తోంది. చెప్పులు విప్పేదాకా ఆగదు. పక్కింటావిడ తలుపు తీసి మరీ చూసింది.

లాయరమ్మ కోటు ఇంకా హ్యాంగరుకే ఉంది. ఒక చెయ్యి కుట్టలేదు. "రేపు చూద్దాంలే" అంది అమ్మ. తొందరేముంది, పెద్ద ఆపరేషన్ అయిన మనిషి. విశ్రాంతి తీసుకోనీ.

మార్చి 2

తమ్ముడు వచ్చాడు. భోజనానికి రమ్మంటే మూడింటికి దిగాడు, ఎప్పటిలాగే. ఎప్పటిలాగే గుమ్మంలో తల వంచుకుని తిట్లకు సిద్ధంగా నిలబడ్డాడు. "రా నాన్నా, కూర్చో" అంది అమ్మ. వాడు వెనక్కి తిరిగి చూశాడు, ఇంకెవరినైనా అంటోందేమోనని.

పొట్ట పెరిగిందనలేదు. పిల్లల్ని తీసుకురాలేదేమనలేదు. ఎంగిలి కంచం అలాగే వదిలేసి లేచినా ఏమీ అనలేదు. వెళ్ళేటప్పుడు వాడు నన్ను బయటికి పిలిచాడు. ఒక కాలికి బూటు వేసుకుని రెండోది చేత్తో పట్టుకుని మెట్టుమీద కూర్చున్నాడు.

"అక్కా, అమ్మ నన్ను తిట్టలేదే."

"మంచిదేగా. నలభై ఏళ్ళుగా ఏడుస్తున్నావు తిడుతుందని."

"మంచిదే. కానీ ఎవరింటికో వచ్చి భోంచేసి వెళ్తున్నట్టుంది. డాక్టర్లకి చూపించరాదూ?"

"నేనే కదరా చూసేది రోజూ. చెయ్యి చూశావా, ఎలా ఉందో?"

"చెయ్యి బాగుంది" అన్నాడు. రెండో బూటు వేసుకుని వెళ్ళిపోయాడు.

వీడొకడు. తిడితే తిట్టిందని, తిట్టకపోతే తిట్టలేదని. నవ్వే బొమ్మ నొక్కాను.

మార్చి 6

లాయరమ్మ కోటు కోసం వచ్చింది. అది ఇంకా ఒంటిచేత్తోనే వేలాడుతోంది. వచ్చేవారం పెద్ద కేసుందని, ఇప్పుడెలా అని ఆవిడ గాభరా పడింది.

"బజార్లో కుట్టించుకోండమ్మా, తొందరగా ఇచ్చేస్తారు" అంది అమ్మ చిరునవ్వుతో.

"మరి కాజాలు? అక్కడంతా మిషన్ కాజాలేగా?"

"ఏవైతేనేం. బొత్తం పడితే చాలదూ?"

లాయరమ్మ అమ్మ మొహంలోకి తేరిపార చూసింది. ఒకసారి ఈవిడే వేరే దర్జీ దగ్గర మిషన్ కాజాలు కుట్టించుకొచ్చిందని అమ్మ ఆ కోటును కర్రతో ఎత్తి బయటి మెట్టుమీద పెట్టింది. నాకు బాగా గుర్తు. ఆవిడకూ గుర్తే ఉండాలి. కోటు తీసుకుని వెళ్తూ నావైపు ఒక చూపు చూసింది. కోర్టులో సాక్షుల్ని అలాగే చూస్తుంది కాబోలు. "కోటు ఉంచి వెళ్ళండి, నేను కుట్టిస్తాను" అన్నాను ఎందుకో. ఈ కేసుకు పాత కోటే వేసుకుంటానని మళ్ళీ హ్యాంగరుకు తగిలించింది.

నవ్వే బొమ్మ.

మార్చి 10

స్క్రూడ్రైవర్ దగ్గరికి ఈరోజు ఒక జంట వచ్చారు. స్క్రూడ్రైవర్ అంటే మా విభాగంలో నాకన్నా పెద్దాయన, రేపో మాపో రిటైరవుతాడు. జేబులో ఎప్పుడూ అదే ఉంటుంది కాబట్టి అదే పేరు. వచ్చినాయన లెక్కల మాస్టారు, చేతులు కదలకుండా ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాడు. టీ తాగుతారా అంటే "మీ ఇష్టం" అన్నాడు. ఫ్యాను వెయ్యనా అంటే "మీ ఇష్టం". పిల్లలకు పాఠాలు చెప్తున్నారా అంటే భార్య వైపు చూశాడు. ఆవిడ మొహం మాత్రం కళకళలాడుతోంది. మా ఆయన ఎంత శాంతంగా అయ్యారో, మీ పెట్టె చలవ అని దణ్ణం పెట్టింది.

స్క్రూడ్రైవర్ కాసేపు తెర చూసి, కళ్ళజోడు తీసి అడిగాడు. "ఏమ్మా, చెయ్యిని చూసి నొక్కారా, మొగుణ్ణి చూసి నొక్కారా?"

ఆవిడ మొదట అర్థం కానట్టు చూసింది. తర్వాత అర్థమైంది. కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

"పెళ్ళయినప్పటి నుంచీ అరుపులేనండీ. ఈ మూడునెలలే కంటినిండా నిద్రపోయాను. అది కూడా తప్పేనా?"

స్క్రూడ్రైవర్ కళ్ళజోడు మళ్ళీ పెట్టుకున్నాడు. మాస్టారి పెట్టెను మొదటిరోజు ఉన్న స్థితికి తిప్పి పంపేశాడు. వాళ్ళు వెళ్ళాక నావైపు తిరిగి నవ్వాడు. "అమ్మాయ్, నీ మాట గోడమీద రాయించాలోయ్. చెయ్యిని చూసి, మనిషిని చూసి కాదు. పెద్ద అక్షరాలతో."

దొంగకు తేలు కుట్టినట్టయింది నాకు. నేను కూడా నవ్వాను.

నాకు ఏ తెరా చూడక్కర్లేదు. ఏరోజు ఏది నొక్కానో, ఎందుకు నొక్కానో నాకు తెలుసు. కళ్ళు మూసుకుని పాలు తాగిన పిల్లిని నేను. ఆ రోజుల్లో ఏడ్చే బొమ్మ నొక్కింది అమ్మ నోటి మీద. పెట్టెకు నోరేదో తెగువేదో తెలియదు కదా, రెండూ కలిపే తగ్గించుకుంటూ పోయింది. కాజా మీద పట్టుదల కూడా అక్కణ్ణుంచే వస్తుందని దానికేం తెలుసు. నాకు తెలుసు.

రేపే తిప్పేస్తాను.

మార్చి 11

రేపు.

మార్చి 12

పెద్ద డాక్టరు సెలవు. ఆయన లేకుండా ఎలా?

మార్చి 13

ఆయన వచ్చాడు. నాకు తలనొప్పి.

మార్చి 18

జ్వరం. రెండ్రోజులుగా మంచం దిగలేదు. అమ్మ పక్కనే కూర్చుని తడిగుడ్డ మార్చుతోంది, నిలకడైన చేత్తో. నా చిన్నప్పుడు జ్వరమొస్తే "వర్షంలో ఎవరు తడవమన్నారు?" అని తిడుతూ మందు గొంతులో పోసేది. ఇప్పుడు నుదుటి మీద జుట్టు తీస్తూ "తగ్గిపోతుంది తల్లీ" అంటోంది.

ఇదొక్కటి అడుగుతాను. ఈ పుస్తకాన్ని అడిగితే ఏం చెప్తుంది గానీ. పుట్టినప్పటి నుంచీ లేనిది ఇప్పుడొచ్చింది. అమ్మకు బాధ లేదు. వణుకు లేదు. ఎవరితోనూ గొడవ లేదు. ఎవరికి నష్టం? నోరు మంచిదైతే ఊరు మంచిదని పెద్దవాళ్ళే అన్నారు. ఇంకొక్క వారం ఉండనిస్తే ఏం మునిగిపోతుంది?

మార్చి 24

మునిగింది.

వీధిగది తలుపు తెరిచే ఉంది. మూల ఖాళీగా ఉంది. మిషన్ నాలుగు కాళ్ళూ ఇన్నేళ్ళు ఆనుకున్న చోట నేలమీద నాలుగు మచ్చలు. మొదట దొంగలనుకున్నాను.

"అమ్మా, మిషనేదీ?"

"ఇచ్చేశాను."

"ఎవరికి?"

"ఎవరో అబ్బాయి. పాత సామాన్లు కొంటాడట. ఇస్తారా అన్నాడు. తీసుకెళ్ళమన్నాను. పాపం, మర్యాదగా మాట్లాడాడు."

"ఎందుకిచ్చావే?"

"అడిగాడుగా" అంది. కళ్ళల్లో ఏమీ లేదు. నేను అరుస్తున్నానని కొంచెం ఆశ్చర్యం, అంతే. "డబ్బులు కూడా ఇస్తానన్నాడు, వద్దన్నాను. టీ పెట్టనా నీకు?"

నాన్న పోయిన ఏడు ఆ మిషన్ కొంది అమ్మ. దాని కిందే నేను అక్షరాలు దిద్దుకున్నాను. తొక్కుతున్న పాదాల పక్కన తమ్ముడు నిద్రపోయేవాడు. ఒకసారి అద్దెకిచ్చిన ఇంటివాళ్ళు దాన్ని బయట పెట్టమంటే, కత్తెర చేతిలో పట్టుకుని గుమ్మానికి అడ్డం కూర్చుందిట. అలాంటి మనిషి, అడిగాడు కాబట్టి ఇచ్చేసింది.

అడిగినదానికి కాదనడం నేనే మరిపించాను. ఒక్కొక్క సాయంత్రం, ఒక్కొక్క బొమ్మ.

మేకుకు కత్తెర ఒక్కటే వేలాడుతోంది. వాడు చూడలేదు కాబోలు.

మార్చి 25

తమ్ముడు బస్సుకు సెలవు పెట్టి వచ్చాడు. పాత సామాన్ల దుకాణాలన్నీ తిరిగాం. చివరికి ఆ అబ్బాయి దొరికాడు. నిజంగానే మర్యాదస్తుడు. బల్లా కాళ్ళూ ఏదో హోటలువాళ్ళు అలంకారానికి తీసుకున్నారట, పైభాగం పాత ఇనుములోకి వెళ్ళిపోయిందట. పొద్దున్నే లారీ వెళ్ళిపోయిందన్నాడు. చేతులు కాలాక ఆకులు పట్టుకోవడమంటే ఇదే.

తిరిగి వస్తూ తమ్ముడు అడిగాడు, "పెట్టె పాడైందా అక్కా?"

"పెట్టె బాగానే ఉందిరా" అన్నాను.

మార్చి 26

అమ్మను విభాగానికి తీసుకెళ్ళాను. స్క్రూడ్రైవర్ తెర చూశాడు. చాలాసేపు చూశాడు. నన్ను అడగాల్సిన ప్రశ్న అడగలేదు, మాస్టారి భార్యను అడిగినది. అడిగి ఉంటే బాగుండేది.

"మొదటిరోజుకు తిప్పుతున్నాను. మనిషి తిరిగి రావడానికి కొన్నాళ్ళు పడుతుంది. ఇకమీదట బొమ్మలు మీ తమ్ముడి ఫోనుకు వస్తాయి" అన్నాడు. గోడమీద రాయించడం గురించి ఇంకేమీ అనలేదు.

ఇంటికి వస్తుంటే ఆటోలో అమ్మ నా చెయ్యి పట్టుకుని కూర్చుంది. ఇదే ఆఖరిసారి అనుకుంటూ నేను ఆ చెయ్యి వదల్లేదు. సిగ్గులేని దాన్ని.

ఏప్రిల్ 1

ఇంకా "తల్లీ" అంటోంది. వచ్చినప్పుడల్లా లెక్కపెట్టుకుంటున్నాను, తగ్గిపోయే సరుకులా.

ఏప్రిల్ 4

తమ్ముడు వచ్చాడు, ఆలస్యంగానే. గుమ్మంలో అడుగు పెట్టాడో లేదో లోపల్నుంచి, "బస్సుకూ టైముండదు, నీకూ టైముండదు. ఆ పొట్టేమిట్రా, స్టీరింగు తిరుగుతోందా అసలు?" అని వినిపించింది.

వాడు గోడకు ఆనుకుని నవ్వాడు. కళ్ళల్లో నీళ్ళు తిరుగుతుండగా నవ్వాడు. "ఇంకా తిట్టవే అమ్మా" అన్నాడు. "నీకు పిచ్చెక్కిందా?" అంది. చెయ్యి చూపించమంటే చూపించింది. అక్కడక్కడా చిన్న అదురు, అంతే. వాడు నా ఎదురుగానే ఏదో బొమ్మ నొక్కాడు. ఏదని నేను చూడలేదు.

నాకింకా ఏ తిట్టూ రాలేదు.

ఏప్రిల్ 6

అమ్మ వీధిగదిలో ఆ మూలకు ఎదురుగా కుర్చీ వేసుకుని కూర్చుంది. నేను వెళ్ళి నిలబడ్డాను.

"నేనే ఇచ్చాను. అన్నీ గుర్తున్నాయి" అంది. "వాడు మోసుకెళ్తుంటే లోపల ఎక్కడో ఎవరో అరుస్తున్నట్టే ఉంది. కానీ లేచి వెళ్ళి ఎవరని చూడబుద్ధి కాలేదు. అదేం జబ్బే?"

చెప్పేశాను. జనవరిలో కాజా కుట్టినరోజు నుంచి మొదలుపెట్టి అంతా. "జబ్బు కాదమ్మా, నేనే చేశాను" అన్నాను. బొమ్మల సంగతి చెప్పాను, ఏది నొక్కితే ఏమవుతుందో చెప్పాను. మార్చి పదినే నాకు తెలిసిందని, తెలిసీ ఆపలేదని కూడా. క్షమించమని అడగడానికి నోరు రాలేదు.

అమ్మ తిట్టలేదు. అన్నీ తిట్టే మనిషి దీనికి తిట్టలేదు.

ఏప్రిల్ 7

మాట్లాడలేదు.

ఏప్రిల్ 8

మాట్లాడలేదు. కూర వండాను. ఉప్పు సరిపోయింది. తిని లేచింది.

ఏప్రిల్ 9

సాయంత్రం వచ్చేసరికి లాయరమ్మ కోటు అమ్మ ఒళ్ళో ఉంది. రెండో చెయ్యి చేత్తోనే కుట్టేసింది. "సూదిలో దారం ఎక్కించు, కళ్ళు కనబడి చావట్లేదు" అంది. మూడురోజులకు మొదటి మాట. ఎక్కించి ఇచ్చాను. జరగమనకుండానే వెలుతురుకు అడ్డం లేకుండా కూర్చున్నాను.

రెండు కాజాలు కుట్టాక, తల ఎత్తకుండా అంది:

"అప్పుడు నువ్వు మెట్లెక్కుతూ పాట తీసేదానివి."

నేను దారం రీలు చుట్టుకుంటూ కూర్చున్నాను.

"చెప్పులు విప్పేదాకా తీసేదానివి. నీ చిన్నతనం తర్వాత నీ గొంతులో పాట నేను మళ్ళీ వినలేదు. ఎప్పుడు మానేశావో కూడా నాకు తెలీదు." దారం కొరికింది. "నేనెన్ని అన్నా పడి ఉంటుంది, మొండిది, దీనికేం పట్టదు అనుకునేదాన్ని. మా అమ్మ నన్నూ అలాగే అనేది. పట్టేదేమోనే."

"అమ్మా..."

"వినవే. మిషనెలాగూ పోయింది. ఈ కోటు ఇచ్చేస్తే నాకు ఇంక పనేముంది? నీ పెట్టెను మళ్ళీ అటే తిప్పెయ్. నాకు అప్పుడు నొప్పేం లేదు. నాకంత బాధగా కూడా లేదు. నువ్వైనా సుఖంగా ఉంటావు."

మా అమ్మ అంది ఈ మాట. పెట్టె అన్నది కాదు, తీపి అమ్మ అన్నది కాదు. కిటికీ తెరలు పీకి పారేసిన అమ్మ, కోటును కర్రతో ఎత్తి బయట పెట్టిన అమ్మ, పూర్తి తెలివిలో ఉండి అంది.

"వద్దు" అన్నాను.

వెంటనే అనలేదు. కొంచెం ఆగాను. గుమ్మం దగ్గర "వెళ్ళిరా తల్లీ" గుర్తొచ్చింది, జ్వరంలో నుదుటి మీద చెయ్యి గుర్తొచ్చింది, అందుకే ఆగాను. సూదిలో దారం ఎక్కించేంతసేపు కూడా ఉండదు. ఆ కొంచెంసేపూ అమ్మ తలెత్తి నా మొహమే చూస్తోంది.

"సరేలే" అంది. మళ్ళీ కోటు మీదికి వంగింది.

ఏప్రిల్ 11

లాయరమ్మ కోటు తీసుకెళ్ళింది. కాజాలు తడిమి తడిమి చూసింది. ఒకటి కాస్త ఎగుడుదిగుడుగా ఉందని అమ్మే వేలు పెట్టి చూపించింది. "అది ఉండనివ్వండి" అంది లాయరమ్మ.

ఏప్రిల్ 15

ఏ బొమ్మా నొక్కని సాయంత్రాలు ఎంత పొడుగో. ఆ వేళకు వేలు దానంతటదే ఫోను వెతుకుతోంది. తమ్ముడు రోజూ ఫోన్ చేసి "చెయ్యి చూపించమ్మా" అంటాడు. అమ్మ చెయ్యి చూపిస్తూనే తిడుతుంది. వాడు చెయ్యినే చూసి నొక్కుతాడు. బస్సు డ్రైవరు చేయగలిగిన పని నేను చేయలేకపోయాను.

ఏప్రిల్ 20

ఈరోజు మెట్లెక్కుతూ పాట పాడదామని చూశాను.

అమ్మ వింటుందని. విని, ఇప్పుడున్న అమ్మతో కూడా ఇది సుఖంగానే ఉంది అనుకుంటుందని. "వద్దు" అనేముందు నేను ఆగిన ఆ కొంచెంసేపును ఎలాగైనా చెరిపెయ్యాలని. కింది మెట్టు నుంచే మొదలుపెట్టాను, కాస్త గట్టిగానే. పక్కింటావిడ తలుపు తియ్యలేదు. గుమ్మం దాకా లాక్కొచ్చాను. ఒక చెప్పు విప్పేసరికి గొంతు ఎక్కడో తప్పింది, అయినా ఆపలేదు.

లోపల్నుంచి అమ్మ గొంతు వచ్చింది.

"ఆపవే ఆ దొంగపాట. నాకోసం పాడక్కర్లేదు. వచ్చినప్పుడే పాడు."

ఒక చెప్పు చేతిలో, ఒకటి కాలికి. అలాగే నిలబడ్డాను.

"ఎన్నాళ్ళైనా సరే" అంది అమ్మ. "లోపలికొచ్చి తలుపెయ్యి, దోమలొస్తాయి."